బదనిక

తల పైకెత్తి నడవడం యలమందకు నలభై ఏళ్ల అలవాటు. ఎడ్లపాడు దగ్గర బస్సు దిగి, రోడ్డు వారగా అలాగే నడుస్తున్నాడు. మెడ నరం లాగుతోంది. కళ్లు కొమ్మల కోసం వెతుకుతున్నాయి, కొమ్మలే లేవు. నాలుగు వరసల రోడ్డు కోసం వేపలూ చింతలూ కొట్టేశారు. మొదళ్లు మాత్రం నేలమట్టంగా, తెల్లగా మిగిలాయి.

అతను వెతికేది బదనిక. మట్టిని తాకకుండా కొమ్మనే పట్టుకుని బతికే మొక్క అది. తోలుపట్టీల్లాంటి ఆకులు, గాలిలో వేలాడే తెల్లటి వేర్లు. ఆ వేర్లు ఎండబెట్టి చిలకలూరిపేటలో మూలికల కొట్టుకు వేస్తే కీళ్లనొప్పుల తైలంలో కలుపుతారు. ఊళ్లో నొప్పులన్నవాళ్లకు అతనే నూరి ఇస్తాడు. యలమంద బతుకంతా దాని మీదే గడిచింది.

ఇవాళ వచ్చింది కొట్టు కోసం కాదు, భార్య పున్నమ్మ కోసం. పద్దెనిమిదేళ్లు గుంటూరులో ఘాటు దుమ్ము మధ్య కూర్చుని మిరపకాయల ముచ్చికలు తీసిందామె. ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఇక ఇంట్లోనే పెట్టుకు చూసుకోమని ఆసుపత్రిలో చెప్పేశారు.

"ఊళ్లో అందరికీ మందిచ్చావు. నాకు తేవేం?" అని నాలుగు రోజుల కిందట అడిగింది.

అది కీళ్లకే గాని ఆయాసానికి పనికిరాదన్న సంగతి అతనికి తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూసి మింగేశాడు.

"తెస్తాలే" అన్నాడు.

మొదటిరోజు కొండవీడు కొండెక్కాడు. వానల్లేక అక్కడ ఆకు కూడా ముడుచుకుపోయింది. మర్నాడు తనకు తెలిసిన మామిడితోటకు వెళితే, ఆ చోట పత్తి మొలకలు బారులు తీరి ఉన్నాయి. నిన్న గట్ల మీద చెట్లన్నీ వెతికాడు. రాత్రి పున్నమ్మ పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే ఉంది.

పదకొండు గంటలకి, రోడ్డు పక్క పడగొట్టిన పెద్ద వేపమాను కనిపించింది. కొమ్మలు నరికేసి, లారీకెత్తడానికి తాళ్లు కడుతున్నారు. పక్కనుంచి పోబోతూ యలమంద ఆగిపోయాడు. మాను నడుమన బదనిక ఉంది. పూసింది కూడా. ఆకుపచ్చటి రేకుల మీద గోధుమరంగు గళ్లు, మధ్యలో ఊదారంగు నాలుక.

"ఏం పెద్దాయనా, ఇటొస్తున్నావు? మాను దొర్లుద్ది" అన్నాడు గొడ్డలి పట్టుకున్న కూలీ సుభానీ.

"ఆ మొక్క కావాలయ్యా. మా ఇంటిదానికి బాగాలేదు."

సుభానీ అతని వంక, దుమ్ము కొట్టుకుపోయిన కాళ్ల వంక చూశాడు. "నువ్వుండు. నేను తీసిస్తా."

"వేరు తెగనీయకు నాయనా. చచ్చిపోద్ది."

"చెట్టే చచ్చింది గదా" అన్నాడు సుభానీ. అయినా వేళ్ల జోలికి పోకుండా, బెరడుతో సహా చెక్కి చేతికిచ్చాడు.

ఇల్లు చేరేసరికి మూడయింది. పున్నమ్మను ఒళ్లో ఆనించుకుని కూర్చుంది పక్కింటి కోటిరత్నం. యలమంద మొక్కను దగ్గరగా పట్టుకున్నాడు. పున్నమ్మ కళ్లు తెరిచింది. ముక్కు పువ్వుకు ఆనించి, అందినంత గాలి పీల్చింది.

"ఇంత వాసనుంటదా?" అంది. ఆగి, ఊపిరి కూడదీసుకుని, "ఇన్నేళ్లూ వేళ్లే తెచ్చావు. పువ్వు ఒక్కనాడూ తేలేదే" అంది.

యలమంద పువ్వు వంక చూశాడు. ఎన్ని వందల పూలు గిల్లి అవతల పారేశాడో.

"కొట్టోళ్లకు పువ్వు అక్కర్లేదు గదే" అన్నాడు.

ఆమె నవ్వబోయింది, దగ్గు వచ్చింది.

పువ్వును ఆమె చేతిలో ఉంచి, వేర్లు కోసుకుని వాకిట్లో సన్నికల్లు ముందు కూర్చున్నాడు. నూరుతున్నాడు. లోపలినుంచి ఆయాసం వినిపిస్తోంది. ఆ ఆయాసం వినపడుతున్నంతసేపూ చెయ్యి ఆపకూడదనుకున్నాడు. నీళ్లు చిలకరించడానికి ఒక్క క్షణం ఆగాడు. లోపల ఏమీ వినిపించలేదు. గబగబా మళ్లీ పొత్రం అందుకున్నాడు.

కోటిరత్నం గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇంకా మెత్తబడలేదు" అన్నాడు తలెత్తకుండా.

"అన్నయ్యా."

"ఇంకాస్త నూరాలమ్మా. పీచు తగిలితే గొంతు దిగదు."

ఆమె వచ్చి పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. "చాల్లే అన్నయ్యా. లోపలికి రా."

పొత్రం వదిలి, లేచి లోపలికి వెళ్లాడు. మంచం పైన మేకుకు, పనిలో పున్నమ్మ ముక్కుకు కట్టుకునే పాత చీరముక్క వేలాడుతోంది. ఎన్ని ఉతుకులు ఉతికినా మడతల్లో మిరప ఎరుపు పోలేదు.