సాయన్న సార్‌ను తీసేసే మీటింగు

మా కోచ్ సాయన్న సార్‌ను తీసేయాలని రాసిన కాగితం మీద మొదటి సంతకం నా బిడ్డది. హర్షిత, ఇంటర్ సెకండియర్, గోల్‌కీపర్, జెర్సీ నంబర్ ఒకటి. ఆ ఒకటిని కుట్టింది నేనే. చెరువుకట్ట ఫుట్‌బాల్ క్లబ్బు అమ్మాయిల జట్టు జెర్సీలన్నీ నా మిషన్ మీదే తయారయ్యాయి, అందుకే కమిటీలో నాకో కుర్చీ ఇచ్చారు. లేకపోతే ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక జాకెట్లు కుట్టుకునే ఉమారాణిని మీటింగులకు ఎవరు పిలుస్తారు?

ఏడు మ్యాచ్‌లు ఆడితే ఆరు ఓడిపోయాం. ఒకటి డ్రా అయింది, అదీ వాన పుణ్యాన. ఆదివారం బడంగ్‌పేట్ జట్టుతో ఆఖరి మ్యాచ్. అది కూడా పోతే వచ్చే ఏడాది జిల్లా లీగులో మా పేరుండదు. ఊళ్లో ఇప్పుడు ప్రతివాడూ కోచే. పుట్టి బుద్ధెరిగాక బంతిని కాలితో తన్నని మహానుభావులు కూడా చాయ్ హోటల్లో కూర్చుని సార్ తప్పులు లెక్కపెడుతున్నారు. అందరూ చెప్పే తప్పు ఒకటే. జిల్లాలోనే మంచి గోల్‌కీపర్‌ను పక్కన కూర్చోబెట్టి, బంతి వస్తే కళ్లు మూసుకునే మంచాల ఊరి పిల్ల భవితను గోల్‌లో నిలబెడుతున్నాడు. ఎందుకంటే చెప్పడు.

ఎందుకో తెలిసినవాళ్లం ఇద్దరమే, ఆయనా నేనూ.

చెరువు నిండాక మా గ్రౌండు నీళ్లలో కలిసిపోయింది. అప్పటి నుంచి మన్నెగూడ అవతల, ఇంకా అమ్ముడుపోని ప్లాట్లలో ప్రాక్టీసు. రెండు హద్దురాళ్లే గోల్‌పోస్టులు. శ్రావణంలో ఒక సాయంత్రం హర్షిత బంతి కోసం పక్కకు దూకింది. తల పోయి రాయికి కొట్టుకుంది. మిగతా పిల్లలు అప్పటికే బస్సెక్కారు. లేచి, ఏం కాలేదని నవ్విందట. నాలుగడుగులు వేసి పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకుందట. సార్ ఆటోలో వేసుకుని దవాఖానకు తెచ్చాడు. నేను పోయేసరికి పిల్ల లేచి కూర్చుంది, జరిగిందేమీ గుర్తులేదు. డాక్టర్ నన్నూ సార్‌నూ పక్కకు పిలిచి చెప్పాడు.

"దెబ్బ వల్ల ఫిట్స్ వచ్చింది. ఆరు నెలలు ఆట వద్దు. మాత్రలు ఒక్కపూట కూడా తప్పకూడదు. మళ్లీ తలకు తగిలితే ఏమవుతుందో నేను చెప్పలేను."

ఫిట్స్ అన్న మాట వినగానే నా కళ్ల ముందు బిడ్డ లేదు, మా చిన్నమ్మ వజ్రమ్మ ఉంది. ఆమెకు పదేళ్లప్పుడు ఒక్కసారి వచ్చింది. ఒక్కసారే. ఆ తర్వాత చచ్చేదాకా ఏ ఇంటికి పోయినా ఇనుము పట్టుకుంటే ఫిట్స్ రాదని ముందు ఆమె చేతిలో తాళాలగుత్తి పెట్టేవాళ్లు. పొయ్యి దగ్గరికి పోనిచ్చేవాళ్లు కాదు, బావి దగ్గరికి పోనిచ్చేవాళ్లు కాదు, పసిపిల్లను ఎత్తుకోనిచ్చేవాళ్లు కాదు. వజ్రమ్మ అంటే ఎవరికీ తెలియదు, ఫిట్స్ వజ్రమ్మ అంటేనే గుర్తు. నా బిడ్డకు ఆ పేరు రావద్దనుకున్నాను. తల్లి ప్రాణం అంటారు గానీ, తల్లికి ప్రాణంతో పాటు కాస్త బుద్ధి కూడా ఉండాలి. ఆ రోజు నాకు లేదు.

దవాఖాన వరండాలో సార్ చెయ్యి పట్టుకున్నాను.

"సార్, ఈ మాట మీ నోట్లకెళ్లి బయటికి రావొద్దు. నా బిడ్డ మీద ఒట్టెయ్యిరి."

"పిల్లకన్న చెప్పాలె గదమ్మా."

"నేను చెప్త."

"సరే. మ్యాచ్‌ల గానీ ప్రాక్టీసుల గానీ ఆడనియ్య, అంతవరకు నాది జిమ్మేదారి. పిల్లకు చెప్పుడు నీది," అని ఆయన నా చేతిలో చెయ్యి వేశాడు.

ఆయన జిమ్మేదారి ఆయన నిలబెట్టుకున్నాడు. నేను నిలబెట్టుకోలేదు. రక్తం తక్కువై కళ్లు తిరిగి పడిపోయావని చెప్పి హర్షితకు మాత్రలు ఇచ్చాను, వేసుకుంది. ఇవ్వాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ మూడు నెలలు గడిపాను. లారీ మీద పోతే పది రోజులకు గానీ ఇల్లు చూడని మా ఆయన భిక్షానికీ చెప్పలేదు. "సార్‌కు నేనంటే పడది," అని హర్షిత అన్నం ముందు కూర్చుని ఏడుస్తుంటే, సార్‌ను దొంగను చేసి నేను పప్పు వడ్డించాను.

మీటింగు బుధవారం సాయంత్రం మత్స్య సంఘం గదిలో. క్లబ్బు అధ్యక్షుడు చెన్నయ్య ఒకప్పుడు ఆ సంఘానికి పెద్ద. చెరువు మీద చేపల పంపకానికి ఉన్న ఆచారాన్నే క్లబ్బుకూ తెచ్చాడు. తీర్మానం చదివి మూడుసార్లు అడుగుతారు. ఒక్కరు అడ్డం నిలబడ్డా అది ఆగిపోతుంది. కానీ నిలబడ్డవాళ్లు అందరి ముందూ కారణం చెప్పాలి. కారణం చెప్పని అడ్డం చెల్లదు.

ఈ సంగతి తెలుసు గనుకే పొద్దుటి నుంచి కుట్టు మీద మనసు నిలవలేదు. సూది రెండుసార్లు వేలిలో దిగింది. ఒకరి జాకెట్టుకు రెండు చేతులూ ఒకే వైపువి కుట్టి, విప్పాను.

ముందు మల్లేశ్ మాట్లాడాడు. ఆయనకు సిమెంటు దుకాణం ఉంది. క్లబ్బుకు బంతులు కొనిచ్చేది ఆయనే, అందుకని గొంతు కాస్త పెద్దది.

"సాయన్నన్న మంచోడే. కాదంటలేను. మంచితనంతోటి గోల్ ఆగది గదా. యోహాను సార్ అని ఒకాయనతోటి మాట్లాడిన. రేపే వస్తనన్నడు. హర్షితను గోల్ల నిలబెడ్తెనే వస్త అన్నడు. ఆదివారం గా పిల్ల ఉంటే మనం బతుకుతం."

అందరూ నా వైపు చూసి నవ్వారు. పాపం, నన్ను మెచ్చుకుంటున్నారు.

చెన్నయ్య సార్ వైపు తిరిగాడు. "ఏం సాయన్నా, గంత మంచిగ ఆడే పిల్లను ఎందుకు కూసోబెట్టినవ్? ఇప్పుడన్న చెప్పు."

సార్ నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది, నాకు కోపమైనా వచ్చేది.

"నాకట్ల తోచింది," అన్నాడు.

"ఏడు మ్యాచ్‌లు గట్లనే తోచిందా?"

"అవ్."

"మరి తీసేస్తే ఏమన్న అంటవా?"

"అనను. ఒక్కటే మాట. వచ్చేటాయన గూడ గా పిల్లను ఆడనియ్యొద్దు."

"పోతపోత గూడ పగనే," అన్నాడు మల్లేశ్. ఒకరిద్దరు నవ్వారు. కిటికీ అవతల అమ్మాయిలు గుంపుగా నిలబడి వింటున్నారు. వాళ్లలో హర్షిత ముఖం కోపంతో ఎర్రగా ఉంది.

చెన్నయ్య కాగితం చదివాడు. "అడ్డం నిలబడేటోళ్లు ఎవలన్న ఉన్నరా?"

ఆదివారం హర్షితకు కాలు బెణికిందని చెప్పొచ్చు. సరే, ఒక ఆదివారం గడుస్తుంది. ఆ తర్వాత? కొత్త సార్‌తో ఏ ఒట్టు వేయించుకోను?

"ఉన్నరా?"

కూరగాయలమ్మే నర్సింహమ్మ నా పక్కనే కూర్చుంది. ఈమెకు తెలిస్తే రేపు పొద్దున్నకల్లా కూరగాయల అంగడంతా తెలుస్తుంది. భయం రెండు వైపులా ఉన్నప్పుడు మనిషికి కదలకుండా కూర్చోవడమే తెలివనిపిస్తుంది. కానీ ఒక భయంలో నా బిడ్డ పేరు మాత్రమే పోతుంది, ఇంకో భయంలో బిడ్డే పోతుంది.

"ఆఖరిసారి అడుగుతున్న. ఉన్నరా?"

లేచాను.

"నేను నిలబడ్డ."

"కారణం చెప్పాలె బిడ్డా," అన్నాడు చెన్నయ్య.

"నా బిడ్డ తలకు దెబ్బ తగిలింది. ఫిట్స్ వచ్చింది. ఆడితే పానం మీదికొస్తదని డాక్టర్ చెప్పిండు. ఎవలకు చెప్పొద్దని సార్‌తోటి ఒట్టేయించుకున్నది నేనే. ఆయన తప్పేం లేదు."

"అయ్యో, ఫిట్సా," అంది నర్సింహమ్మ, తన కుర్చీని కొంచెం అవతలికి జరుపుకుంది. నేను మూడు నెలలు భయపడింది దీనికే. తీరా చూస్తే జానెడు దూరం.

మల్లేశ్ చెన్నయ్య చేతిలోని కాగితం తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నాకన్న చెప్పకపోతివి అన్నా," అన్నాడు సార్‌తో, ఈసారి చిన్న గొంతుతో.

చెన్నయ్య లేచాడు. "తీర్మానం ఆగింది. సాయన్న ఉంటడు. ఆదివారం ఓడిపోతే ఓడిపోతం. లీగులకెళ్లి పోతే పోతం. పిల్ల కంటే ఎక్కువ కాదు."

సార్ నా దగ్గరికి వచ్చాడు. కళ్లు తడిగా ఉన్నాయి. "బతికించినవమ్మా. దినాం భయమే నాకు, ఎవలన్న బలవంతం చేస్తరేమోనని," అన్నాడు. ఆయన ముందు తలెత్తలేకపోయాను. అయినా గుండె మీది బరువు దిగింది. ఇక బిడ్డను ఎవరూ గోల్‌లో నిలబెట్టరు, అది చాలనుకుని బయటికి వచ్చాను.

అమ్మాయిలు చెదిరి దూరంగా నిలబడ్డారు. హర్షిత గోడకు ఆనుకుని ఉంది. భవిత ఒక్కతే ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. నా బిడ్డ అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"రక్తం తక్కువున్నదని చెప్పినవ్ గదమ్మా."

"భయపడ్తవని చెప్పలే బిడ్డా. ఎట్లనో ఆడుతలేవు గదా, ఏం కాదనుకున్న."

హర్షిత భవిత వైపు చూసింది. భవిత ఏడుపు ఆపుకోలేకపోయింది.

"అక్క దినాం ఆడుతున్నది ఆంటీ. పొద్దుగాల కాలేజీ ఎనక. మంచిగ ఆడితే సార్ మళ్ల పెడ్తడని నాతోటి బంతులు కొట్టించుకుంటది. నేనే కొడుతున్న."

హర్షిత తలను రెండు చేతుల్లోకి తీసుకున్నాను. "తలకు తగిలిందా?"

"మూడుసార్లు," అంది హర్షిత. "పొద్దుగాల తగిలినప్పుడు జరసేపు ఏం కనబడలే. నీకు చెప్తే భయపడ్తవని చెప్పలే."

వెనక్కి తిరిగి, ఆటో పిలవమని సార్‌ను కేకేశాను.