టేపు కింది చిగురు

ఆ వీధిలో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. కింద బ్యూటీ పార్లరు, పైన ఇల్లు, ఆ పైన డాబా నిండా గులాబీ కుండీలు. అందుకని పార్లరమ్మ. ఎంత పలచబడ్డ జుట్టయినా ఆవిడ కత్తెర పడితే మళ్లీ ఒత్తుగా వస్తుందనీ, ఎండుపుల్లయినా ఆవిడ చేత్తో గుచ్చితే చిగురిస్తుందనీ ఓ పేరు పడిపోయింది. ఆ పేరును ఆవిడ కాదనలేదు సరికదా, మొక్కలకు పోసినట్టే దానికీ రోజూ నీళ్లు పోసి పెంచుకుంది.

డాబా మీది గులాబీలన్నీ కొమ్మ నాటి పెంచినవే. ఎవరింట్లోనైనా పువ్వు నచ్చితే ఓ కొమ్మ అడిగి తెచ్చుకునేది. ఏటవాలుగా కోసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, పైన గాజుసీసా బోర్లించేది. అలా పెరిగిన మొక్కకు మొదట్లోంచి లావుపాటి చిగురు లేచిందంటే ఇంక చూసుకోనక్కర్లేదు, పాత పుల్లను కోసేసి కొత్తదానికి దారి ఇవ్వడమే. ముసలి కొమ్మ మీద మమకారం పనికిరాదని కుర్చీలో కూర్చున్న ప్రతి తలకూ పాఠం చెప్పేది. మెడ చుట్టూ గుడ్డ కట్టించుకుని, నెత్తి మీద కత్తెర ఆడుతుండగా ఎవరు మాత్రం కాదంటారు? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషి చేతిలో కత్తెర కూడా ఉంటే ఇక చెప్పేదేముంది.

అలాంటి పార్లరమ్మ దగ్గరికి వాళ్లక్క ఓ పొద్దున ఆటోలో ఓ పెయింటు డబ్బాను పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని వచ్చింది. డబ్బాలో గులాబీ మొక్క. అక్కకు ఒంట్లో గడ్డ అని తేలింది. వేరే ఊళ్లో పెద్దాసుపత్రిలో వైద్యం. కూతురి దగ్గర ఉండి చేయించుకోవాలి, ఎన్ని నెలలు పడుతుందో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. ఇల్లు తాళం వేసింది. తాళం వేయలేనిది ఈ మొక్క ఒక్కటే.

అది బావ పెంచిన మొక్క. బావ ఎలక్ట్రీషియను, పోయి ఏడాది దాటింది. బతికుండగా ఆయనే అంటు కట్టాడు. అంటు కట్టిన చోట తన సంచీలోని ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టాడు. పండిన బొప్పాయి రంగులో పువ్వు, రేకుల అంచుల్లో లేత గులాబి. అలాంటి పువ్వు పార్లరమ్మ డాబా మీద కూడా లేదు. ఆ సంగతి ఆవిడ మనసులో ఓ మూల గుచ్చుకుంటూనే ఉండేది.

డబ్బా కింద పెట్టి అక్క ఆయాసం తీర్చుకుంది. "చూడవే, ఆ టేపు కింద..." అని ఏదో చెప్పబోయింది.

"గులాబీల గురించి నాకు చెప్తావా అక్కా?" అని పార్లరమ్మ నవ్వేసింది. "నువ్వు నీ ఒళ్లు చూసుకో. నువ్వొచ్చేసరికి దీన్ని గుర్తుపట్టలేవు."

అక్క కూడా నవ్వి ఊరుకుంది. చిన్నప్పుడు చెల్లెల్ని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని జడలు వేసి పెంచిన మనిషి. ఆ చెల్లెలి నోటికి అడ్డుపడటం ఆవిడకు ఎన్నడూ చేతకాలేదు.

అక్క వెళ్లిన దగ్గర్నుంచి పార్లరమ్మ రోజూ తెల్లారగానే డాబా ఎక్కి, మొక్కకు ఫొటో తీసి పంపేది. ఆసుపత్రిలో మందులు ఎక్కించుకుంటూ ఒక్కర్తీ పడుకుని ఉండే అక్కకు ఆ మాత్రం సంతోషం ఉండాలనుకుంది. ఆ ప్రేమలో కల్తీ లేదు. కల్తీ అంతా తెలివితేటల్లోనే.

ఎందుకంటే కొత్త చోటుకు వచ్చిన మొక్క కాస్త అలిగింది. టేపు పైనున్న కొమ్మలు ఆకులు రాల్చి, సన్నబడి, నల్లమచ్చలు వేసుకున్నాయి. అదే సమయంలో టేపు కింద, మట్టిని ఆనుకుని, ఓ చిగురు లేచింది. నున్నగా, లేతపచ్చగా, చూస్తుండగానే జానెడయింది, మూరెడయింది. పార్లరమ్మ సంబరపడిపోయింది. తన డాబా మీద పెరిగిన ఏ మొక్క అయినా అలాగే పుంజుకుంది మరి. కత్తెర తెచ్చి టేపుతో సహా పాత పుల్లను అడుక్కంటా కోసేసింది. కోసిన పుల్ల మీది టేపు విప్పి చూసి, బావ ఎంత బిగించి చుట్టాడో, మొక్కకు ఊపిరాడలేదు పాపం అనుకుంది.

మర్నాడు పొద్దున ఎప్పట్లాగే ఫొటో తీసి పంపింది. ఆ రోజు అక్క దగ్గర్నుంచి జవాబు సాయంత్రానికి గానీ రాలేదు. వచ్చిన జవాబు మాత్రం ఎప్పటిలాంటిదే. పచ్చగా ఉందే, నీ హస్తవాసి గొప్పది, రేపు కూడా పంపు అని.

ఆ మెచ్చుకోలు పార్లర్లో ఎన్ని తలలకు వినిపించిందో లెక్కలేదు. మొక్క ఇంకా పెరిగింది. గోడ ఎక్కింది, గోడ మీంచి కిందికి వంగింది. ఒక్కో రెబ్బకు ఏడేసి ఆకులు. "ఇంత పెరిగింది, ఒక్క మొగ్గయినా వేయదేమిటోయ్ డాక్టరమ్మా?" అని మొగుడు ఏడిపించేవాడు. ఆకు ముందు, పువ్వు వెనక అని ఆవిడ కసిరేది.

చలి వెళ్లి ఎండలు మొదలయ్యే రోజుల్లో మొగ్గలు రానే వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, గుత్తులు గుత్తులు. పార్లరమ్మ కాలు నేల మీద నిలవలేదు. ఓ ఉదయం ఫోను చేతబట్టుకుని డాబా ఎక్కేసరికి అవి విచ్చుకుని ఉన్నాయి. చొక్కా గుండీ అంత పూలు, ఒంటి వరస రేకులు, తెల్లగా. చుట్టూ తేనెటీగలు.

ఆవిడ ఫొటో తీయలేదు.

మెట్ల మీదే కూర్చుని ఫోన్లో వెతికింది. వెతకడానికి పెద్దగా ఏమీ పట్టలేదు, అంటు గులాబీ పెంచేవాళ్లందరికీ తెలిసిన సంగతే. అంటు మొక్క అంటే రెండు మొక్కలు. కింద వేరున్నది అడవి గులాబీ, పైన కట్టింది మనక్కావలసిన పువ్వు. అంటు కింద లేచిన చిగురు అడవిదానిది, ఏడాకుల రెబ్బే దానికి గుర్తు. దాన్ని ఎప్పటికప్పుడు తుంచెయ్యాలి, లేకపోతే పైదాన్ని తినేస్తుంది. ఇక్కడ తినే శ్రమ కూడా దానికి లేకుండా ఆవిడే కోసి పెట్టింది. అక్క చెప్పబోయిన మాట ఇదేనని అప్పుడు తెలిసింది. తల కొట్టేసినట్టయింది. నిజానికి అప్పుడే ఫోన్ చేసి అక్కా, తప్పయిపోయిందే అంటే సరిపోయేది. కానీ ఇంతమంది తలలకు ఇన్ని పాఠాలు చెప్పిన నోరు ఆ ఒక్క మాటకు పెగల్లేదు.

మర్నాడే అక్క కూతురు ఫోన్ చేసింది. వైద్యం అయిపోయిందట, అమ్మను ఆదివారం తీసుకొస్తానంది. ఆ మాట విన్న మనిషి ఎగిరి గంతెయ్యాలి కదా. అక్క బతికి వస్తోందంటే పార్లరమ్మకు కలిగింది ముందు సంతోషం కాదు, భయం. ఆ సంగతి తనకు తెలిసినందుకు మరింత సిగ్గుపడింది.

పార్లరుకు సెలవు పెట్టి నర్సరీలన్నీ తిరిగింది. బొప్పాయి రంగు, అంచున గులాబి. నాలుగో చోట ఇంచుమించుగా అలాంటిదే దొరికింది. తెచ్చి డాబా తలుపు గడియ పెట్టుకుంది. పెయింటు డబ్బా మార్చడానికి లేదు, అక్క గుర్తుపడుతుంది. అందుకని అందులోంచి అడవిదాన్ని పీకాలి. అది రానంటే రానంది. వేళ్లు డబ్బా గోడల్ని కరిచి పట్టుకున్నాయి. స్క్రూడ్రైవరుతో పొడిచి, నరికి, పూలతో ఉన్న కొమ్మల్ని కత్తెరతో ముక్కలు ముక్కలు చేసింది. అన్నీ నల్ల సంచీలో కుక్కి, ఎవరి కంటా పడకుండా పార్లర్లో ఊడ్చిన జుట్టు పైన కప్పి, చెత్తబండిలో వేసేసింది. కొత్త మొక్కను డబ్బాలో నాటింది. చివరికి ఎలక్ట్రికల్ షాపుకు వెళ్లి ఎర్ర టేపు కొనుక్కొచ్చి, బావ చుట్టినంత ఎత్తులోనే చుట్టింది. చుడుతున్నంతసేపూ మొక్కకేసి చూడలేకపోయింది.

ఆదివారం అక్క వచ్చింది. సగానికి సగం అయిపోయింది మనిషి. నెత్తిమీద గుడ్డ కట్టుకుంది. మందులకు జుట్టంతా ఊడి, ఎక్కించడం ఆపాక మళ్లీ మొలుస్తోందట. మెట్లెక్కలేవు, తర్వాత చూద్దువుగాని అని పార్లరమ్మ ఎంత చెప్పినా వినలేదు. ఒక్కో మెట్టు మీదా ఆగుతూ డాబా ఎక్కి, పెయింటు డబ్బా ముందు స్టూలు వేయించుకుని కూర్చుంది.

కొత్త మొక్కకు ఒకటే పువ్వు, బొప్పాయి రంగులో. అక్క ఆ పువ్వును ఓసారి చూసి, కిందికి వంగి టేపును వేలితో తడిమింది.

"టేపు కొత్తగా ఉందే" అంది.

పార్లరమ్మ పాతది ఊడిపోయిందనీ, తానే మళ్లీ చుట్టాననీ గబగబా చెప్పింది. మట్టి బాగా పట్టిందనీ, ఎరువు మార్చాననీ అడగనివి కూడా చెప్పుకుపోయింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం అంటే అదే. అక్క అంతా వింది.

"ఆ అడవి గులాబీని ఏం చేశావే?" అని అడిగింది తర్వాత.

గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే పార్లరమ్మకు ఎంతో తేలికయ్యేది.

"నీకెలా తెలుసక్కా?"

"మొదటి నెల్లోనే తెలుసు. అంతకుముందు పై కొమ్మలే పడేవి. ఆ రోజు ఫొటోలో టేపూ లేదు, పుల్లా లేదు. ఏడాకుల చిగురొక్కటే ఉంది. ఆ పూటంతా ఏడ్చాను."

"మరి నాకో మాట చెప్పొచ్చుగా."

"చెప్తే నువ్వు మర్నాడు ఫొటో పంపుతావా? మొహం చెల్లక మానేస్తావు, నాకు తెలీదా నీ సంగతి? పిల్ల ఉద్యోగానికి పోతే తెల్లారి నన్ను పలకరించింది ఆ ఫొటో ఒక్కటేనే."

పార్లరమ్మ గోడకు ఆనుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

అక్క తన ధోరణిలో చెప్పుకుపోయింది. ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాక ఆవిడకో ఆలోచన వచ్చిందట. పై కొమ్మ పోతే పోయింది, అంటు కట్టిన ఆ కన్ను ఆయన ఎవరి తోటలోంచో తెచ్చిందే. కింది మొక్క అలా కాదు, ఆయన పుల్ల గుచ్చి, రెండేళ్లు కనిపెట్టుకుని పెంచింది. పాపం దాన్ని ఏనాడూ పూయనివ్వలేదు. ఆదివారమొస్తే చాలు, టేపు కింద వేలు పెట్టి వెతికి, వచ్చిన చిగురల్లా తుంచేవాడు. దీనికి తెల్లపూలు పూస్తాయట, మనం చూసే రాత లేదు అనేవాడు నవ్వుతూ. ఇప్పుడు చెల్లెలి పుణ్యమా అని అదీ చూస్తాననుకుందట. రోజూ ఫొటో రాగానే ముందు మొగ్గ కోసమే వెతుక్కునేదట. మొగ్గలు కనబడ్డాక ఫొటోలే ఆగిపోయాయట.

"పూసిందా?" అంది.

"పూసింది."

"ఎలా ఉన్నాయే?"

పార్లరమ్మ తలెత్తలేదు. "చిన్న చిన్న పూలక్కా. గుత్తులు గుత్తులుగా. తెల్లగా. తేనెటీగలు కూడా వచ్చాయి."

"ఫొటో తీయలేదా?"

"లేదు."

"ఏదీ మరి?"

"కోసి పారేశానక్కా. వేళ్లతో సహా. నీకు తెలియకూడదని."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవాలన్నా ఆకులుండాలి కదా. అక్క డబ్బా పక్కన చెయ్యి వేసి, నీళ్లు పోవడానికి బావ డ్రిల్లుతో వేసిన కన్నాలను ఒక్కొక్కటే తడుముతూ కూర్చుంది. పార్లరమ్మ ఏడవలేదు. ఏడిస్తే అక్క తననే ఓదారుస్తుందని ఆవిడకు తెలుసు, అంత సిగ్గు మోయలేననుకుంది. ఎండ డాబా గోడ దిగి కుండీల మీదికి వచ్చింది.

అక్క నెమ్మదిగా నెత్తిమీది గుడ్డ విప్పింది. లోపల వేలెడు జుట్టు, ఓ పక్క ఒత్తుగా, ఓ పక్క పలచగా, దువ్వెనకు లొంగకుండా లేచి ఉంది.

"దీన్ని కాస్త సరి చెయ్యవే. చెవుల మీద పడి చిరాగ్గా ఉంది" అంది.

"నేనా అక్కా?"

"నువ్వు కాకపోతే ఎవరు?"

పార్లరమ్మ కిందికి వెళ్లి దువ్వెనా కత్తెరా తెచ్చుకుంది. మొక్కను కోసిన కత్తెర కాదు, అయినా చేతికి బరువనిపించింది. అక్క వెనక నిలబడి ఓ పాయ వేళ్ల మధ్యకు తీసుకుంది. ఏళ్ల తరబడి ఎన్ని తలలు చూసిందో, ఎవరి జుట్టు ఎంత తీయాలో ఎంత ఉంచాలో ఎవరినీ అడిగిన మనిషి కాదు. ఇప్పుడు ఏది తీయాల్సిందో, ఏది ఉంచాల్సిందో తెలియలేదు.

"ఎక్కడి దాకా తియ్యమంటావక్కా?" అని అడిగింది.

అక్క చెయ్యి వెనక్కి చాచి, చెల్లెలి వేలు పట్టుకుని, చెవి పక్కన పెట్టి చూపించింది.