తారు పూసిన కప్పు

చర్చి కప్పు మీద ఆఖరి చెక్కలు బిగిస్తున్న వడ్రంగి సత్తార్‌కు పొగ వాసన తగిలింది. తలెత్తి చూశాడు. పడమటి చేలో దాని ఆసామి భోజన్న నిప్పు పెట్టాడు. చెరుకు కొట్టేశాక మిగిలిన ఎండాకు గట్టు పొడవునా అంటుకుంది. గాలి ఇటే వీస్తోంది.

బోధన్ నుంచి రుద్రూర్ పోయే దారిలో అలాంటి కట్టడం ఇంకొకటి లేదు. గోడలు టేకు, కప్పు టేకు. ఇనుప మేకు ఒక్కటీ లేదు, అన్నీ చెక్క చీలలే. బోర్లించిన పడవల్లా ఒకదానిపై ఒకటి కప్పులు, కొసల్లో మొసళ్ళలా నోరు తెరిచిన మృగాల తలలు. తమ దేశంలో పాతకాలపు చర్చిలు ఇలాగే ఉంటాయని, దీన్ని కట్టిస్తున్న నార్వే దొర బొమ్మ గీసిచ్చాడు. వానకు ఆగాలని కప్పుకూ గోడలకూ తారు పూయించాడు. ప్రారంభం రేపే. దొర గంట తేవడానికి నిజామాబాద్ వెళ్ళాడు. ఈ ఒక్క పని కోసం సత్తార్ బోధన్‌లో వచ్చిన పనులన్నీ కాదన్నాడు. ఇది కాలిపోతే అతని చేతికి మళ్ళీ ఉలి ఇచ్చేవాడు ఉండడు.

ఆ జాగా భోజన్న రెండు చేల నడుమ ఉంది. దొర కొనక ముందు అతని బండ్లు దాని మీదుగానే పోయేవి. ఇప్పుడు ఊరంతా చుట్టి పోవాలి. అదీ కక్ష.

"దిగు మియా," కింద నుంచి భోజన్న పిలిచాడు. "నీ మొసళ్ళు కాలుతయి. నువ్వు గూడ కాలుతవ్."

"నిప్పు ఆర్పియ్యి పటేలా."

"ఏటేటా కాలవెడ్త. నా చేను, నా ఆకు. గాలిని నేను పిలిచిన్నా?"

జీతగాడు సాయన్న పళ్ళికిలించాడు. "గా తలకాయలను ఊదుమను మియా. నోళ్ళు తెర్సుకునే ఉన్నయి గద."

సత్తార్ తూర్పుకు చూశాడు. అటువైపు భోజన్నదే ఇంకో చేను. చక్కెర ఫ్యాక్టరీ నుంచి కోత ఆర్డరు రాక, చెరుకు ఎండాకుతో నిలబడే ఉంది. దాని మీద భోజన్నకు బెంగ లేదు. చెరుకాకు బూడిద గాలికి లేచి బోధన్ వాకిళ్ళలో ఆరేసిన బట్టల మీద చల్లారి రాలడమే అతను పుట్టినప్పటి నుంచి చూశాడు. గాలికి ఎగిరిందేదైనా దారిలోనే చచ్చిపోతుందని అతని నమ్మకం.

సత్తార్ మిగిలిన తారు చెక్కపెంకు ఒకటి తీసుకుని, బీడీ అగ్గిపెట్టెతో అంటించాడు. తారు బాగా పట్టుకునేదాకా ఆగి గాలిలోకి విసిరాడు. అది గిరగిరా తిరుగుతూ భోజన్న తల మీదుగా పోయి, తూర్పు చేని ముందర దుమ్ములో పడింది. ఆరలేదు.

సాయన్న ఉరికి తొక్కాడు. చెక్క చెప్పుకు అతుక్కుంది. "ఆరతలేదు పటేలా," అంటూ చెప్పు వదిలేసి ఒంటికాలి మీద గెంతాడు.

"గది ఒక్కటే," అన్నాడు సత్తార్. "కప్పు అంటుకుంటే ఎన్ని లేస్తయో, ఏడ వడ్తయో నువ్వే జూస్కో. నేనైతే దిగ."

భోజన్న ఒకసారి చెరుకును, ఒకసారి కప్పును చూశాడు. మంట సగం చేను దాటింది.

"కాలువకు ఉరుకుండ్రిరా," అని అరిచాడు.

కూలీలు కుండలతో పరిగెత్తారు. భోజన్న తనే వేపకొమ్మ విరిచి మంటను బాదాడు. కనుబొమ్మలు కమిలాయి. తాను తిట్టిన గోడల మీద తానే కుండలు కుమ్మరించాడు. పడమటి గోడ తారు బుడగలు కట్టింది. సత్తార్ చేతులు కట్టుకుని పైనే నిలబడ్డాడు.

మంట గోడకు బారెడు దూరంలో చచ్చింది.

సత్తార్ దిగాడు. మసి మొహంతో భోజన్న మీదికి వచ్చాడు.

"తూర్పు చెరుకు కొట్టనియ్యి మియా. గాలి తిరగనియ్యి. అప్పుడెవడు ఆర్పుతడో జూస్త."

"అప్పటికి ఇటు కాలిన మోళ్ళకు కొత్త పిలకలొస్తయి పటేలా. కప్పు నిప్పులు గవాటి మీదనే వడ్తయి. గవి నీవే గద."

భోజన్న చేతిలోని కుండను నేలకేసి కొట్టాడు. కాసేపటికి సాయన్నను పిలిచాడు.

"మంచం తెచ్చుకో," అన్నాడు, చర్చి వైపు చూడకుండా. "కోతలయ్యేదాక ఈడనే కావలి పండు. ఎవడన్న బీడీ ముట్టిస్తే చెయ్యి ఇరగ్గొట్టు."