తీగ మీద గూడు

"కొన్నాళ్లపాటు పెరట్లో తీగ మీద ఎవరూ బట్టలు ఆరెయ్యకండి," అన్నారు మా ఆయన, కాఫీ కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి.

ఎవరూ అన్నారు గానీ, ఆ తీగ దగ్గరికి వెళ్లేది ఈ ఇంట్లో ఒక్క మనిషే. ఆ మనిషి అప్పుడు పాలు పొంగకుండా ఒక కన్ను పొయ్యి మీద వేసి, కూరలు కడిగిన నీళ్లు మొక్కలకని బకెట్లోకి వంపుతోంది. తీగకు ఒక చివర, మందారం కొమ్మల నీడ పడే చోట, తేనెపిట్ట గూడు కట్టింది. వేలాడదీసిన చిన్న సంచీలా ఉంటుంది. మొదటి పోచ తీగకి చుట్టుకున్న రోజు నుంచీ నేను చూస్తూనే ఉన్నాను, ఆ చివర వదిలేసి ఈ చివర బట్టలు వేసుకుంటూనే ఉన్నాను. పిట్టకీ నాకూ ఏ గొడవా రాలేదు. ఆయన ఆ పొద్దున్నే చూశారు. చూసిన వెంటనే చట్టం వచ్చేసింది.

"మరి బట్టలు?" అన్నాను.

"మేడ మీద తీగ కట్టేస్తాను. అక్కడ ఎండ కూడా బాగా తగులుతుంది."

అన్నట్టే సాయంత్రానికి కట్టారు. చేతులు దులుపుకుంటూ కిందికి దిగి, "నీకోసమే కట్టాను, చూడు," అన్నారు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన నాకోసం చేసినవన్నీ ఇలాంటివే. ప్రతిదాని కొసకీ నాకొక పని తగిలించి ఉంటుంది.

మేడమెట్లు ఇరుకు. తడిబట్టల బకెట్ ఒంటిని ఒక పక్కకి లాగేస్తుంటే రెండో చేత్తో గోడ పట్టుకుని ఎక్కాలి. కుడి మోకాలు అరిగిందని, మెట్లు తగ్గించమని డాక్టరమ్మ చెప్పినప్పుడు పక్క కుర్చీలో ఆయనే ఉన్నారు. శ్రద్ధగా తలూపారు కూడా. ఇప్పుడు ఆ మాట గుర్తుచేస్తే, "పరిగెత్తమన్నామా ఏంటి, మెల్లగా ఎక్కు. ఉతికేది మిషనే కదా," అంటారు. నిజమే, మిషన్ ఉతుకుతుంది. మెట్లెక్కదు.

ఈ ఇంటికి వచ్చిన కొత్తలో పెరడంటే ఇటుకముక్కలూ సున్నం పెళ్లలూ. నేను చదువుకున్నది వృక్షశాస్త్రమే అయినా, పరీక్షలో రాసిన మట్టికీ చేత్తో తవ్విన మట్టికీ సంబంధం ఏమీ లేదని ఇక్కడే తెలిసింది. పెళ్లలు ఏరుకుని, పేడ కలుపుకుని, చచ్చిన మొక్కల చోటే మళ్లీ పాతుకుని, ఇప్పటికి దాన్ని తోట అనుకునే స్థితికి తెచ్చాను. వేసవి వచ్చిందంటే పొద్దున ఒకసారి, ఎండ వాలాక ఒకసారి నీళ్లు. మల్లెకి మొదలు దగ్గర, నందివర్ధనానికి కాస్త ఎడంగా, గడ్డిగులాబీకి అసలు లేనట్టుగా. నిమ్మమొక్క ఆకులు గొంగళిపురుగులు తింటుంటే తిననిస్తాను, ఆ పురుగులే రేపు నల్లంచు రెక్కలేసుకుని ఎగురుతాయని. గోడ మీద తొండ నన్ను చూసి తలాడిస్తుంది, అదేదో నేను అడిగినదానికి సరే అంటున్నట్టు. ఇవన్నీ నాకు తెలుసు. కానీ వంగి తెలుసు. చేతిలో గొట్టమో కలుపుమొక్కో ఉండగా, వంటింట్లో కుక్కర్ కూత లెక్కపెట్టుకుంటూ ఉండగా తెలుసు. ఆ తోట కూర్చున్న మనిషి కంటికి ఎలా ఉంటుందో మాత్రం తెలియదు.

కూర్చుని చూసేది ఆయన. ఆఫీసు నుంచి రాగానే పెరట్లో పేముకుర్చీలో వాలి ఫోటోలు తీస్తారు. "మా తోటలో ఈ సాయంత్రం" అని కుటుంబం గ్రూపులో పెడతారు. వెంటనే తోడికోడలు, "బావగారి చేతి చలవే చలవ" అని రాస్తుంది. మా అమ్మాయి తన గదిలోంచి కేకేస్తుంది. "అమ్మా, నాన్న ఫోటోకి నువ్వొక్కదానివే బాగుందని చెప్పలేదు. ఫీలవుతున్నారు." చేతికంటిన మట్టి కడుక్కుని, ఫోన్ తీసి, బాగుందని పెడతాను.

గూడు సంగతి తెలిశాక ఇల్లంతా పిట్ట మీద జాలితో నిండిపోయింది. అత్తగారి మంచం కిటికీ పక్కనే. "పాపం, ఎన్నిసార్లు తిరుగుతుందో చూడవే అమ్మాయ్. పొద్దుటి నుంచీ ఒక్క క్షణం వాలలేదు," అంటారు. అని, "ఆ చేత్తోనే కాసిని మంచినీళ్లు," అంటారు. ఏ చేత్తో అన్నది అడగకూడదు. అమ్మాయి మెల్లగా మాట్లాడమంటుంది, పిట్ట బెదురుతుందట. ఆయన పెరటి తలుపు చప్పుడు కాకుండా కీలుకి నూనె కూడా వేశారు. ఆ కీలు కిర్రుమంటోందని నేను ఎన్నేళ్లుగా చెబుతున్నానో. పిట్టతో నన్ను పోల్చుకోవడం నాకు ఇష్టం లేదు. అది ఒక వేసవి కష్టపడుతుంది, రెక్కలొచ్చిన పిల్లల్ని వదిలేసి వెళ్లిపోతుంది, మళ్లీ వచ్చి వాళ్ల చొక్కాలు ఇస్త్రీ చెయ్యదు.

ఆదివారం ఆయన ఆఫీసువాళ్లు వచ్చారు, పూలూ గూడూ చూడటానికి. ముందురోజు సాయంత్రం, "నలుగురే, ఊరికే టీ," అన్నారు. ఊరికే టీ అంటే పొద్దున్నే లేచి పెరడు ఊడ్చి, రాలిన పూలు సగం ఎత్తి సగం వదిలి (మొత్తం ఎత్తితే అందం పోతుందన్నారు), టిఫిన్ చేసి, కప్పులు తుడవడం. పొద్దుటెండలో మందారాలు విచ్చుకుని ఉన్నాయి. నీలంగా మెరిసే మగపిట్ట తీగ మీద వాలి గొంతెత్తి పాడుతోంది.

"వాడే మా ఇంజనీరు," అన్నారు ఆయన, వేలెత్తి చూపిస్తూ. "ఆ గూడంతా వాడి పనే. ఏ కాలేజీలో చదివాడో మరి."

అందరూ నవ్వారు. నేను ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. సాలెగూడు పోగులు, ఎండుగడ్డి, నా దువ్వెనలోంచి పారేసిన వెంట్రుకలు, తడిగుడ్డ నుంచి ఊడిన దారాలు, అన్నీ ముక్కున కరుచుకొచ్చింది ఆ మట్టిరంగు ఆడపిట్ట. ఇతను పాడుతూ కూర్చునేవాడు.

"కట్టింది ఇది కాదండీ, ఆడది," అన్నాను. "దానికి రంగు లేదు కాబట్టి కనబడదు."

"మా ఆవిడ వంటింటి కిటికీలోంచి సైన్సంతా చదివేసింది," అన్నారు ఆయన. మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లోనే పెద్ద ఆఫీసరు గారి భార్య, "మీరూ వచ్చి కూర్చోండమ్మా," అంది. అప్పుడు చూశాను, కుర్చీలు వచ్చినవాళ్లకి సరిపోయాయి. ఆయనకీ ఒకటుంది.

"అబ్బే, తనకి కూర్చుంటే తోచదండీ," అన్నారు ఆయన. "ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూ ఉండాల్సిందే. మేము చెప్పినా వినదు."

వెక్కిరింత కాదు. గొంతులో గర్వం ఉంది. మంచి సైకిల్ గురించి చెప్పినట్టు చెప్పారు. ఆవిడ నన్ను చూసి, "అదృష్టవంతులు," అంది, ఆయనతో. నేను ఖాళీ కప్పులు ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాను.

మర్నాడు ఆయన ఆఫీసుకీ అమ్మాయి కాలేజీకీ వెళ్లాక బట్టల బకెట్ తీసుకుని మేడమెట్లు ఎక్కాను. సగం ఎక్కేసరికి మోకాల్లో ఏదో పట్టేసింది. బకెట్ దించి అక్కడే కూలబడ్డాను. చేతిలో ఏ పనీ లేకుండా చివరిసారి ఎప్పుడు కూర్చున్నానా అని ఆలోచించాను. టీవీ ముందు కూర్చుంటే చిక్కుళ్లు వలుస్తాను. పెళ్లిళ్లలో కూర్చుంటే ఎవరి పిల్లో ఒళ్లో ఉంటుంది. ఆస్పత్రిలో కూర్చున్నాను, అత్తగారి మంచం పక్కన, వంతు ప్రకారం. ఎంత వెతికినా నాకొక్క కూర్చోవడం దొరకలేదు. ఇన్నేళ్లూ ఇదంతా పని ఎక్కువై అనుకున్నాను. చూడబోతే, నాకు తోచదని వాళ్లంతా ఎప్పుడో తేల్చేసుకున్నారు. ఇంకొన్నాళ్లు పోతే నేనూ నమ్మేస్తాను. ఆ మెట్టు మీద నాకు భయం వేసింది మోకాలి గురించి కాదు.

నొప్పి కాస్త సర్దుకున్నాక బకెట్ అక్కడే వదిలేసి కిందికి దిగాను. పెరట్లోకి వెళ్లి పేముకుర్చీలో కూర్చున్నాను.

మొదట నిజంగానే తోచలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నందివర్ధనం మొదలు దగ్గర కలుపు కనబడింది, లేవబోయి ఆగాను. తర్వాత మెల్లగా ఒక్కొక్కటే రావడం మొదలుపెట్టాయి. కూర్చుంటే మందారాలు తల పైన ఉంటాయి. వాటి రేకుల్లోంచి దిగే ఎండ ఎర్రగా ఉంటుందని నాకు తెలియదు. నిమ్మమొక్క మీద సీతాకోకచిలుక రెక్కలు తెరిచి మూస్తూ ఆరబెట్టుకుంటోంది. తూనీగ ఒకటి ఎండుపుల్ల కొసన వాలి, లేచి, మళ్లీ అదే కొసన వాలింది. ఉడుత గోడ దిగి వచ్చి, నేను కదలకపోయేసరికి నన్ను కూడా ఒక కుండీ కింద జమకట్టుకుని చెప్పు మీంచి దూకి పోయింది. ఆడపిట్ట వచ్చింది. గూటి గుమ్మంలో రెండు పసుపు నోళ్లు తెరుచుకున్నాయి. ఇంత తోట నా చేతుల్లోంచి వచ్చి, నన్ను ఇంతకాలం తప్పించుకుంది.

"అమ్మాయ్," అన్నారు అత్తగారు కిటికీలోంచి. "ఏం చేస్తున్నావు అక్కడ?"

"ఏం చెయ్యట్లేదు అత్తయ్యా."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

ఆవిడ గూటి వైపు చూశారు. "పిల్లలకి కళ్లు తెరుచుకున్నాయా?" అన్నారు చివరికి, గొంతు తగ్గించి.

మధ్యాహ్నం వంట చేశాను, అత్తగారికి మందులిచ్చాను. ఎండ వాలాక మొక్కలకి నీళ్లు పోశాను, అవేం పాపం చేశాయి. పోసి, మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఆయన ఆఫీసు నుంచి వచ్చి నా వెనక నిలబడటం తెలుస్తూనే ఉంది. కుర్చీ ఖాళీ చేస్తానని చూశారు.

"రేపటికి నా తెల్లచొక్కా ఆరిందా?"

"మేడమెట్ల మీద బకెట్లో ఉంది."

"పొద్దుటి నుంచా? వాసనొస్తుంది కదా."

"వస్తుంది. మళ్లీ మిషన్లో వెయ్యండి."

"మోకాలు బాగా నొప్పిగా ఉందా ఏంటి?" గొంతు మెత్తబడింది. అవునని ఒక్క మాటంటే చాలు, రేపటి వరకూ నాకు సెలవు దొరికేది.

"నొప్పిగానే ఉంది. తగ్గినా నేను మేడ ఎక్కను. బట్టలు మీరు ఆరేసుకురండి."

ఆయన తీగ వైపు చూశారు, గూటి వైపు చూశారు. లోపల పిల్లలు కదులుతుంటే గూడు కొద్దిగా ఊగుతోంది. "సరే," అన్నారు, లెక్క చూసుకుంటున్నట్టు. "అవి ఎగిరిపోయేదాకా అంటే ఇంకెన్నాళ్లులే. తర్వాత తీగ నీదే."

"ఎగిరిపోయాక కూడా మీరే," అన్నాను. "అప్పటికి అలవాటైపోతుంది మీకు."

ఆ మాట లేవకుండానే అన్నాను.