ఏడో తీగ

గుర్రప్పిల్లను ట్రైలర్‌లోకి ఎక్కించడానికి ముగ్గురు కావాల్సి వచ్చింది. ఎత్తడానికైతే ఒక్కరు చాలు, అంత తేలికైపోయింది పాపం. కానీ అనార్కాన్‌కి ఏ పనైనా పక్కన నిలబడి చెప్పకపోతే జరిగినట్టుండదు. ఆవిడ చెప్పేది వినడానికి కోడలు బురుల్చా ఉండాలి. కొడుకు కుబాత్ మాత్రం నిజంగా మోశాడు.

ఈనిన వారానికే తల్లిగుర్రం పోయింది. అప్పట్నుంచి ఆవుపాలు సీసాలో పోసి పడుతున్నారు. మొదట్లో తాగింది, తర్వాత తాగినదంతా వెనకనుంచి పోగొట్టుకుంది, ఇప్పుడు సీసా చూస్తేనే మొహం తిప్పేస్తోంది. దాని పని ఇక అయిపోయిందనే అనుకున్నారు. ఇవాళ పొద్దున్నే సూసమీర్ మేతభూముల నుంచి కుబాత్ వాళ్ల అన్న ఫోను చేశాడు. అతని గుర్రం ఒకటి తెల్లవారుజామున చచ్చిన పిల్లను ఈనిందట.

"తోలు ఒలిచి ఉంచాను. మీదాన్ని ఇవాళే తెండి, ఇది కప్పి పంపిద్దాం. తన పిల్ల వాసనే అనుకుని దగ్గరికి రానిస్తుంది. రేపయితే పాలూ బిగుస్తాయి, దాని మనసూ బిగుస్తుంది. ఇంకోటి, ఈ వారం కనుమ సొరంగం మరమ్మతులంట, అయిదింటికి మూసేస్తారు. మూశాక రేపు పొద్దునే."

కుబాత్‌కి కారుంది, పక్కింట్లో అడిగి తెచ్చుకున్న ట్రైలర్ కూడా ఉంది. లేనివి ట్రైలర్‌కి లైట్లు. ఆ వెలితి పూడ్చడానికి వారం నుంచీ ఫోనులో వీడియోలు చూస్తూ కారు వెనక బోర్లా పడుకుంటున్నాడు. పనిలో పనిగా ట్రైలర్ చట్రానికి రెండు పూతలు నీలం రంగు కూడా వేశాడు. ఏడు తీగల్లో ఆరు సాకెట్‌లో బిగించాడు. ఏడోది, తెల్లది, పొట్టిగా కోశాడేమో అందలేదు.

"అదొదిలేశావేం?" అంది బురుల్చా.

"అది ఎర్తు. అక్కర్లేదు. కారు వెనక ట్రైలర్ తగిలించే గుండు ఇనుము, దాని మీద కూర్చునే ట్రైలర్ మూతి ఇనుము. ఇనుమూ ఇనుమూ తగుల్తున్నాయిగా, కరెంటు అట్నుంచే పోద్ది."

నొక్కి చూపించాడు. ఎడమ, కుడి, బ్రేకు, అన్నీ పెళ్లిపందిరిలా వెలిగాయి. మొగుడు గెలిచిన రోజులు లెక్కపెట్టుకునేన్ని ఉండవు, వాటిని చెడగొట్టడం ఎందుకు అనుకుంది బురుల్చా.

బయల్దేరేముందు అనార్కాన్ ఇంట్లోంచి గొర్రె తోకకొవ్వు ముద్ద తెచ్చింది. ఆ ఇంట్లో ఏ ప్రయాణమైనా బండి ఇరుసుకి ఆవిడ చేతికొవ్వు తగలందే కదలదు. ఆవిడ అత్తగారు ఎద్దుబండికి రాసేదట, ఆవిడ మోటారు సైకిలుకి రాసింది, ఒకసారి టౌను బస్సుకి రాయబోతే కండక్టరు అరిచాడు. ఇప్పుడు, విప్పి పెట్టిన ట్రైలర్‌ని మళ్లీ తగిలించేముందు, కారు వెనక ఉన్న ఇనుప గుండును చూసి, ఇదే ఇరుసు అని తీర్మానించి, మంత్రం గొణుక్కుంటూ పిడికెడు కొవ్వు మెత్తింది.

"ఇనుముకీ ఆకలేస్తుందిరా. కడుపు నిండితే అరవదు. వెళ్దాం పదండి."

ఊరు దాటి కొండదారి పట్టేదాకా బాగానే ఉంది. మొదటి పెద్ద మలుపు దగ్గర వెనకాల వ్యాను వాడొకడు హారన్ మీద హారన్ కొట్టి, పక్కకొచ్చి అద్దం దించాడు.

"ఒరే తమ్ముడూ! బ్రేకేస్తే నీ లైట్లు ఆరిపోతున్నాయేంట్రా? వెయ్యనప్పుడు వెలుగుతున్నాయ్! ఎడమకి చెయ్యి చూపిస్తే రెండు పక్కలా కొట్టుకుంటున్నాయ్! ఎటు పోతావో నీకైనా తెలుసా?"

"అసూయ," అన్నాడు కుబాత్ అద్దం ఎక్కించుకుంటూ.

"రంగు బాగుందిగా, అందుకే," అంది బురుల్చా. అతను కాసేపు అది పొగడ్తే అనుకున్నాడు.

దారి ఎక్కేకొద్దీ చలి పెరిగింది. జూన్ నెల అయినా, సొరంగం ఉన్న ఆ ఒంటెకనుమ మీద మంచు కరగదు. బురుల్చా మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తోంది. గుర్రప్పిల్ల గడ్డి మీద కాళ్లు మడిచి పడుకుంది. మొదట్లో కుదుపుకల్లా తలెత్తేది, ఇప్పుడు ఎత్తడం లేదు.

సొరంగం నోటి దగ్గరికి చేరేసరికి నాలుగు దాటింది. బొగ్గు లారీలు, గొర్రెల లారీలు బారులు తీరి ఉన్నాయి. టోపీ చెవులమీదకి లాక్కున్న కాపలావాడు ట్రైలర్ చుట్టూ తిరిగి బ్రేకు నొక్కమన్నాడు, ఇండికేటర్ వెయ్యమన్నాడు. చూసి ఒక పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"పక్కకి తియ్."

"అన్నా, గుర్రప్పిల్ల చచ్చిపోతోంది..."

"లోపల చూశావా? దీపాల్లేవు, ఒట్టి పొగ. నీ వెనకొచ్చే లారీవాడు నిన్నెట్లా పోల్చుకోవాలి, వాసన పట్టా? పోయిన్నెల ఇట్లాంటి బండినే వెనకనుంచి గుద్దాడొకడు. నేనే బయటికి లాగించాను. లైట్లు సరిచేసుకో, పంపిస్తా. అయిదింటికి గొలుసు వేసేస్తా, ఆ తర్వాత మా అమ్మ వచ్చినా తియ్యను."

కుబాత్ బల్బులు పీకాడు, ఊదాడు, పెట్టాడు. ప్లగ్గు లాగి మళ్లీ గుచ్చాడు. ఫోను తీసి వీడియో వెతికితే అక్కడ సిగ్నలు లేదు. ముందున్న లారీలు ఒక్కొక్కటే లోపలికి పోతున్నాయి. బారు తరిగిపోతుంటే అతను ఇంకా ఆ బల్బులే పీకి పెడుతున్నాడు.

"మీ నాన్నయితే ఈపాటికి..." అని మొదలెట్టింది అనార్కాన్.

"నాన్నకి కారే లేదు అపా!" అన్నాడు కుబాత్. ఆ ఇంట్లో కొడుక్కీ కోడలికీ ఆవిడ అపా, అంటే అమ్మ.

"అందుకే ఏనాడూ చెడలేదు."

బురుల్చా ట్రైలర్ ఎక్కి గుర్రప్పిల్ల నోట్లో సీసా పెట్టింది. పాలు పెదవి పక్కనుంచి కారిపోయాయి. నాలుక చల్లగా తగిలింది. లేపి నిలబెడదామని పొట్ట కింద చేతులేసి ముందువైపు జరిపింది. ఇద్దరి బరువూ ట్రైలర్ మూతి మీద పడింది.

"వెలిగాయ్!" అని కుబాత్ అరిచాడు. "నేనేం చేశాను?"

ఆమె వెనక్కి జరిగింది. ఆరిపోయాయి. ముందుకి జరిగింది. వెలిగాయి. ఇంకోసారి జరిగి, కిందికి దిగి, కారు వెనక గుండు దగ్గర వంగి చూసింది. దారిలో లేచిన దుమ్మంతా కొవ్వుకి అంటుకుని నల్లటి పిండిముద్దలా తయారైంది. ఇనుముకీ ఇనుముకీ మధ్య అత్తగారి దీవెన మందంగా కూర్చుని ఉంది.

గుడ్డతో తుడిస్తే అరనిమిషం పని. కానీ తుడవాల్సింది ఎవరి ఎదుట? పెళ్లై వచ్చిన కొత్తలో ఆమె గుమ్మం చట్రం జిడ్డుగా ఉందని సబ్బుపెట్టి కడిగేసింది. అది జిడ్డు కాదని, కొత్తకోడలి కోసం రాసిన శుభమని తర్వాత తెలిసింది. ఆ నెలంతా అనార్కాన్ ఆమెకి చెప్పాల్సిందంతా గోడలకీ కెటిలుకీ చెప్పింది. ఆ నెలాఖరులో ఆవు ఒకటి కాలు విరగ్గొట్టుకుంటే దానికి కారణం ఎవరో ఊరందరికీ తెలిసింది. ఇప్పుడు దారి మధ్యలో దీవెన తుడిచేసి, తర్వాత గుర్రప్పిల్ల దక్కకపోతే?

అనార్కాన్ రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని ఆమెనే చూస్తోంది.

"ఏమైంది పిల్లా?"

"రంగు అపా," అంది బురుల్చా. "ఈయన వేసిన రంగు మందమైపోయింది. కరెంటు దాటలేకపోతోంది."

కుబాత్ మొహం మాడిపోయింది. "రెండు పూతలేగా వేశాను!"

"ఒక్కటైతే బాగుండేది. ఇదిగో, బ్యాటరీ అయిపోయినప్పుడు కారుకీ కారుకీ తగిలిస్తావే, ఆ లావు తీగ తే. అపా, మాంసం కత్తి ఓసారి ఇస్తారా?"

చట్రం కింద అరచేతి వెడల్పున నీలం రంగు గీకేసింది, మెరిసే ఇనుము కనపడేదాకా. తీగ ఒక కొస క్లిప్పు అక్కడ కరిపించింది, రెండో కొస కారు అడుగున ఉన్న ఇనుప దూలానికి పట్టించింది. అందని ఏడో తీగ చేయాల్సిన పని ఇప్పుడు ఈ నల్లతాడు చేస్తుంది. గుండుని ముట్టుకోలేదు.

కాపలావాడు వచ్చి చూశాడు. ఎడమ. కుడి. బ్రేకు. మళ్లీ బ్రేకు. గీకేసిన రంగు వైపు, వేలాడే తీగ వైపు చూసి తల ఊపాడు.

"చూడ్డానికి పేగు బయటపడ్డ గేదెలా ఉంది. సరే, పోండి. మీ వెనక ఆ బొగ్గు లారీ, దాంతో ఆఖరు. లోపల ఆగొద్దు. ఏం జరిగినా ఆగొద్దు."

సొరంగంలోకి వెళ్లగానే పగలు తెగిపోయింది. పొగ కళ్లలో మండింది. బురుల్చా వెనకసీట్లో అత్తగారి పక్కన వెనక్కి తిరిగి కూర్చుంది. ట్రైలర్ లైట్లు నేరుగా కనపడవు, కానీ వాటి ఎరుపు వెనక పొగమీద పడి కుంపటిలా వెలుగుతోంది. ఆ ఎరుపున్నంతసేపూ తాము ఉన్నట్టు లోకానికి తెలుస్తుంది. దాని వెనక ఎక్కడో బొగ్గు లారీ దీపాలు రెండు మసక మచ్చలు.

"ఉందా?" అన్నాడు కుబాత్.

"ఉంది."

కొంతసేపటికి, "ఉందా?"

"ఉందన్నానుగా, రోడ్డు చూడు!"

కారు పెద్ద గుంటలో పడి లేచింది. వెనకనుంచి ఇనుము రాళ్లమీద ఈడ్చుకుపోయే చప్పుడు. ఎరుపు పోయింది.

"పోయింది," అంది బురుల్చా. "క్లిప్పు ఊడింది."

కుబాత్ కాలు బ్రేకు మీదకి వెళ్లింది.

"ఆపకు! ఆపావంటే మన మీదకి ఎక్కేస్తాడు, నడుపు కుబాత్!"

అత్తగారి ఎదుట మొగుణ్ని పేరుపెట్టి పిలవడం ఆమెకి అదే మొదటిసారి. అది ఎవరూ పట్టించుకోలేదు. మసక మచ్చలు పెద్దవవుతున్నాయి. బొగ్గు లారీ బరువుతో దూసుకొస్తోంది, దాని డ్రైవరుకి ముందున్నది ఒట్టి పొగ. ట్రైలర్ కటకటాల మధ్య నుంచి గుర్రప్పిల్ల చెవులు నల్లగా కనపడ్డాయి, లారీ వెలుగులో.

"నీ ఫోను దీపం వెలిగించు పిల్లా," అంది అనార్కాన్.

ఆవిడ అప్పటికే తలమీది తెల్లగుడ్డ విప్పేసింది. కొడుకు పెళ్లిలో కూడా పరాయివాళ్ల ముందు నెరిసిన జడ కనపడనివ్వని మనిషి. ఫోనుని ఆ గుడ్డలో చుట్టి, అద్దం దించి, నడుం దాకా కిటికీలోంచి బయటికి వెళ్లింది. బురుల్చా ఆవిడ నడుముని రెండు చేతులా వాటేసుకుంది. పొగలో తెల్లటి దీపపు ముద్ద ఒకటి పైకీ కిందికీ ఊగడం మొదలైంది. ఆవిడ గొంతు సొరంగం గోడలకి తగిలి పదింతలైంది.

"ఒరేయ్ గుడ్డివాడా! కళ్లు బొగ్గులో పోసుకున్నావా! ఆపరా! ఇక్కడ పసిబిడ్డ ఉందిరా, నీ చక్రాలు ఊడ! ఆపు!"

హారన్ మోగింది, ఆగకుండా. టైర్లు కీచుమన్నాయి. మసక మచ్చలు కొద్దిగా ఊగి, పెద్దవడం ఆగి, అలాగే నిలబడి, మెల్లగా వెనక్కి జరిగాయి. అయినా ఆవిడ దీపం దించలేదు, తిట్లూ ఆపలేదు. డ్రైవరు తర్వాత వాడి తండ్రి, వాడి తాత, వాడికి లైసెన్సు ఇచ్చినవాడు, ఒక్కొక్కరినీ వరసగా పిలిచింది. బురుల్చా ఆవిడ ఎముకలు చేతికి తగిలేంత గట్టిగా పట్టుకునే ఉంది. ముందువైపు ఒక తెల్లటి చుక్క కనపడి, గుమ్మమంత అయి, ఒక్కసారిగా వాళ్లని మంచు వెలుతురులోకి ఉమ్మేసింది.

కుబాత్ పక్కకి తీసి ఆపాడు. చేతులు స్టీరింగు నుంచి విడిపించుకోవడానికి అతనికి కాసేపు పట్టింది. బొగ్గు లారీ పక్కనుంచి పోతూ నిదానించింది. డ్రైవరు తెల్లబోయిన మొహం బయటపెట్టాడు.

"ఏ తల్లివమ్మా నువ్వు? దెయ్యమనుకున్నా! గుండె ఆగిపోయింది!"

"ఆగితే మాట్లాడవుగా. పో నాయనా, చల్లగా పో," అంది అనార్కాన్ మసిబారిన గుడ్డ తలకి చుట్టుకుంటూ.

బురుల్చా క్లిప్పు మళ్లీ తగిలించడానికి వంగింది. పక్కన అత్తగారి బూట్లు వచ్చి నిలబడ్డాయి. ఆవిడ వేలు గుండు మీది నల్లముద్దలోకి దిగి, పైకి వచ్చి, వెలుతురులో అటూ ఇటూ తిరిగింది.

"రంగు అన్నావు."

"అవును అపా."

"ఊఁ," అంది ఆవిడ. వేలు పావడాకి తుడుచుకుంది. "ముందు బిడ్డ సంగతి చూడు."

సూసమీర్‌లో గుడారం ముందు బావగారు ఎదురుచూస్తున్నాడు. పలకరింపులు లేవు. పచ్చితోలు గుర్రప్పిల్ల వీపున కప్పి పొట్ట కింద తాళ్లతో కట్టాడు. దానికి నిలబడే ఓపిక లేదు. బురుల్చా పొట్ట కింద చేతులు వేసి నిలబెట్టి, గుర్రం పక్కకి తీసుకెళ్లింది. గుర్రం చెవులు వెనక్కి అతికించింది. వెనకకాలు ఒకటి గాలిలో విసిరింది. ఆమె మోకాలికి వెంట్రుకవాసి దూరంలో పోయింది అది.

"కురూ, కురూ," అని అనార్కాన్ గొంతు సన్నం చేసి గుర్రాన్ని పిలిచింది. సొరంగాన్ని దద్దరిల్లజేసిన గొంతేనా ఇది అనిపించింది. "కురూ, కురూ, నీదేనమ్మా, చూసుకో."

గుర్రం మెడ తిప్పింది. తోలు మీద ముక్కు పెట్టింది. చాలాసేపు వాసన చూసింది, ముక్కుపుటాలు తెరుచుకుంటూ మూసుకుంటూ. కుబాత్ ఏదో అడగబోతే అన్న చెయ్యెత్తాడు. బురుల్చా వేళ్లతో పొదుగు వెతికి, పాలు ఒక చుక్క పిండి, గుర్రప్పిల్ల పెదవులకి రాసింది. దాని తల ఆమె చేతిలోంచి కిందికి జారిపోయింది. ఆమె మళ్లీ ఎత్తింది. చేతులు తిమ్మిరెక్కాయి, అయినా వదల్లేదు.

గుర్రం వెనకకాలు కాస్త ఎడంగా పెట్టి, కదలకుండా నిలబడింది.

బురుల్చా అరచేతి కింద, ఆ సన్నటి గొంతులో, ఒక గుటక దిగింది. ఆమె దాని తల అలాగే ఎత్తి పట్టుకుంది. ఇంకొకటి దిగింది. తర్వాత లెక్క తెలియనంత గబగబా.