పత్యం తిన్న మనిషి

గున్నమ్మ ఎడమచేతిలో పత్తి పట్టుకుని, కుడిచేతిలోని వాలుగ చేప దవడతో దువ్వుతోంది. సన్నటి చేపపళ్ళ మధ్య నుంచి చెత్త ఒడిలోకి రాలుతోంది. పొందూరులో పుట్టి ఆమె చేసిందల్లా ఇదే: దువ్వడం, ఏకులు చుట్టడం, రాట్నం తిప్పడం. ఆమె వడికిన నూలు ఎక్కడెక్కడి పెద్దమనుషుల భుజాల మీదికో ఎక్కింది. ఆమె ఒంటి మీద మాత్రం సంతలో కొన్న పాలిస్టరు చీరే.

డెంగీ జ్వరం మొన్న దిగింది. నిన్న తలకు పోసి, బీరకాయ కూరతో పత్యం పెట్టారు. ఆ ఇంట్లో పత్యం తిన్న మనిషికి జబ్బు లేనట్టే. గుండె మాత్రం కాసేపు బాగానే కొట్టుకుని, ఉన్నట్టుండి ఊరుకుంటోంది. అప్పుడు కళ్ళకు చీకట్లు కమ్ముతున్నాయి. పొద్దున్న ఆస్పత్రిలో నర్సు నాడి పట్టి చూసి, మొహం మార్చుకుంది.

"జొరం పోనా అది గుండెకి పట్టినట్టున్నాదమ్మా. ఈరోజే శ్రీకాకుళం ఎల్లి ఈసీజీ తీయించుకో."

ఇంటికొచ్చి గున్నమ్మ మొగుణ్ణి అడిగింది. "బావా, బస్సుకి తీసుకెల్లవా? గుండి ఆగి ఆగి కొట్టుకుంటన్నాది."

జోగయ్య మగ్గం మీంచి లేవలేదు. "జొరం దిగిపోనాది. పత్తెం తిన్నావు. ఇంకా ఏటే నీకు? ఒట్టి నీరసం."

చెడ్డవాడు కాదు. జ్వరమున్నన్నాళ్ళూ నిద్ర మానుకుని తడిగుడ్డ వేసింది అతనే. ఒళ్ళు కాలితేనే జబ్బనుకునే మనిషి, అంతే.

దానికితోడు నరసింగరావు వచ్చిపడ్డాడు. అక్కడి నేతసంఘానికి పెత్తందారు. విశాఖ నుంచి ఎవరో చూడ్డానికి వస్తున్నారట.

"సేప దవడతో దువ్వేవోలు ఇప్పుడెవులున్నారమ్మా? నువ్వు కూకోపోతే మన పరువేటైపోతాది? ఆల్లు ఎల్లగానే నా బండి మీదే ఆస్పత్రికి దించేస్తాను."

వచ్చినవాళ్ళు సెల్‌ఫోన్లతో ఫోటోలు తీశారు. నవ్వమంటే నవ్వింది. మళ్ళీ మొదటినుంచి దువ్వమంటే దువ్వింది. జాకెట్టు చెమటతో తడిసింది, పెదాలు నల్లబడ్డాయి. వాళ్ళు చేతులు తప్ప ఏమీ చూడలేదు. "ఎంత ఓపికో!" అని మురిసిపోయారు. ఆ మాట వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఆమె దానికీ నవ్వింది.

భోజనాల వేళకు వాళ్ళ కారు కదిలింది. దాని వెనకే నరసింగరావు బండీ పోయింది.

గున్నమ్మ గోడకు చేరబడింది. "బావా, ఇప్పుడైనా ఎల్దుమా?"

"ఈ బెత్తెడూ నేసి వస్తన్నాను, ఉండే."

బెత్తెడూ నేశాడు. చొక్కా తొడుక్కుని, చెంబుతో నీళ్ళు తెచ్చి భుజం తట్టాడు. తల పక్కకు వాలిపోయింది. అలవాటుకొద్దీ నుదుటి మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది.

"జొరం లేదు," అన్నాడు గుమ్మంలోకొచ్చిన ఇరుగుపొరుగుతో. "సూడండి, జొరం లేదు కదా!"

ఆమె ఒడిలో చేప దవడ ఉంది, పళ్ళ మధ్య సగం దువ్విన పత్తితో.