పిన్హాస్ నోరు విప్పేదాకా

సాదోక్ నోరు మూసుకుని కూర్చోవడం మహనే యెహూదా బజారులో ఎవ్వరూ చూసి ఎరగరు. తన దుకాణంలో ఆలివ్‌కాయలు తూస్తూ మాటే, డబ్బాకి మూత పెడుతూ మాటే. ఉప్పు కాస్త ఎక్కువైందని ఎవరైనా అంటే చాలు, యెమెన్‌లో వాళ్ళ తాతగారి పెళ్ళి దాకా వెళ్ళి వచ్చేవాడు.

అలాంటివాడికి ప్రాణస్నేహితుడు ఎవరయ్యా అంటే గడియారాలు బాగుచేసే పిన్హాస్. అడిగితే తప్ప మాట్లాడని మనిషి. రోజూ పొద్దుటి ప్రార్థన అయ్యాక ఇద్దరూ యూదుల ప్రార్థనా మందిరంలో వెనక బల్ల దగ్గర ఒకే పుస్తకం మీదికి వంగి పెద్దలు చెప్పిన ధర్మాలు చదువుకునేవారు. చదవడమంటే ఏమనుకున్నారు, పోట్లాడుకోవడమే! వాళ్ళ పద్ధతే అది. ఒకడు అవునంటే రెండోవాడు కాదనాలి. అలా ఇద్దరూ లాగితేనే మాటలోని అసలు సంగతి బయటపడుతుంది. ఎంత గొప్ప అలవాటో చూడండి!

ఒకసారి చావు జరిగిన ఇంటి మర్యాదల గురించి చదువుతున్నారు. ఓదార్చడానికి వెళ్ళినవాడు, ఆ దుఃఖంలో ఉన్న మనిషి తనంతట తాను మాట్లాడేదాకా పెదవి విప్పకూడదట. సాదోక్ బల్ల మీద గుద్దాడు.

"ఇదెక్కడి ఓదార్పురా? వాడు అసలు మాట్లాడకపోతే?"

"మాట్లాడకపోతే నువ్వూ కూర్చుని లేచి రావాలి."

"మరి వెళ్ళడం దేనికి? గోడకి చేరేసిన చీపురులా కూర్చోడానికా?"

"చీపురు నయంరా, అరవదు," అన్నాడు పిన్హాస్. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

ఆ శీతాకాలంలో పిన్హాస్ భార్య గెయులా జబ్బుచేసి పోయింది. కొండ మీది శ్మశానంలో తెల్లగుడ్డ చుట్టిన ఆమెను గోతిలోకి దించారు. మట్టి వేసే పారని చేతి నుంచి చేతికి అందించకూడదని ఆచారం, ఒకడు నేల మీద పెడితే తరవాతివాడు తీసుకోవాలి. పార మొదట ఎవరు ఎత్తుతారా అని అందరూ చూస్తూ నిలబడ్డారు. ఆ నిశ్శబ్దం సాదోక్ భరించలేకపోయాడు. పిన్హాస్ భుజం మీద చెయ్యి వేసి, "పోనీలేరా, నొప్పుల నుంచి బయటపడింది, అదృష్టవంతురాలు. నువ్వే ధైర్యం తెచ్చుకోవాలి," అనేశాడు.

పిన్హాస్ ఆ చేతిని తీసి పక్కన పెట్టాడు.

"ఇంకా మట్టి కూడా పడలేదురా. అప్పుడే సర్దుకోమంటున్నావా? ఇన్నేళ్ళు చదివినదంతా ఎక్కడ పారబోశావు? ఇక నీతో నాకు చదువూ వద్దు, ఏమీ వద్దు."

సాదోక్ ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. ఆ వెనక బల్ల లేని పొద్దుటిపూట అతనికి ఊహకే అందలేదు.

"వెళ్ళి క్షమించమని అడుగుతానే నద్రా," అన్నాడు భార్యతో. "ఎందుకన్నానో, ఎలా అన్నానో మొత్తం వివరంగా..."

"అదిగో! మళ్ళీ చెప్పడమే!" అంది నద్రా. "నిన్నెవరు చెప్పమన్నారయ్యా? ఇవిగో, చావింటికి పట్టుకెళ్ళే ఉడకబెట్టిన గుడ్లు. తీసుకెళ్ళి అక్కడ పెట్టి కూర్చో. రోజూ వెళ్ళు. ఆ నోరు మాత్రం ఇంట్లో వదిలేసి వెళ్ళు."

వెళ్ళాడు. తలుపు బార్లా తీసి ఉంది. ఆచారం ప్రకారం అద్దం మీద దుప్పటి కప్పారు. దుఃఖానికి గుర్తుగా చింపుకున్న కాలరుతో పిన్హాస్ పొట్టి పీట మీద కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. వచ్చినవాళ్ళు డాక్టర్ల గురించి, బస్సుల గురించి మాట్లాడుతున్నారు. పిన్హాస్ ఒక్కరికీ బదులివ్వలేదు.

సాదోక్ ఎదురుగా కూర్చున్నాడు. అబ్బబ్బ, ఎంత కష్టమో! ఒక్కో మాటా గొంతు దాకా వచ్చి తన్నేది. పక్కనున్న కూరగాయల వ్యాపారి మోచేత్తో పొడిచాడు. "ఏం సాదోక్, నాలుక దుకాణంలో మర్చిపోయొచ్చావా?" దానికి దిమ్మతిరిగే జవాబే తోచింది. మింగేశాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. లేచేటప్పుడు "పైనుంచి నీకు ఓదార్పు కలగాలి" అని, అందరూ అనే ఆ ఒక్క మాట మాత్రం అని వచ్చేవాడు. అలా మింగిన మాటల్ని ఒక్కొక్కటే తిరగేసి చూసుకున్నాడు. చిత్రం ఏమిటంటే, వాటిలో పిన్హాస్ కోసం పుట్టింది ఒక్కటీ లేదు. అన్నీ తన భయం తీరడానికే. చివరికి ఆ క్షమాపణ కూడా. అది తెలిశాక గొంతులో తన్నులాట తగ్గింది. పిన్హాస్ ముఖం సరిగ్గా అప్పుడే కనిపించింది. ఎంత చిక్కిపోయాడు! గడ్డం ఎంత తెల్లబడింది!

ఆ ఏడు దుఃఖదినాలు ముగింపుకొస్తున్న ఒక మధ్యాహ్నం, అందరూ వెళ్ళిపోయారు. పిన్హాస్ తలెత్తి సాదోక్ వైపు చూశాడు.

"ఒరేయ్, ఒంట్లో బాగాలేదా నీకు?"

"బాగానే ఉందిరా."

"మరి చీపురులా ఇలా..." అంటూనే పిన్హాస్ ఆగిపోయాడు. ముఖం నవ్వబోయి ఏడుపులోకి తిరిగింది. "గెయులా అనేది తెలుసా? సాదోక్‌కి అడ్డుపడకండి, వాగి వాగి ఆగాక ఒక మంచి మాట చెబుతాడు అనేది. నువ్వు ఆగడం చూడకుండానే పోయింది."

క్షమించమనడానికి ఇంతకన్నా మంచి సమయం లేదు. సాదోక్ అనలేదు. పిన్హాస్ చెబుతూనే ఉన్నాడు. ఆమె కాఫీలో మసాలా ఎక్కువేసి ఆ తప్పు మొగుడి మీద నెట్టేయడం, ఆస్పత్రిలో నర్సులకి పేర్లు పెట్టడం, ఆఖరి రోజు అతని చొక్కా బొత్తాం ఊడిందని కోప్పడటం. కిటికీలో ఎండ పోయేదాకా చెప్పాడు. సాదోక్ విన్నాడు.

చెప్పవలసిన ఆ ఒక్క మాటా చెప్పి గుమ్మం దాకా వెళ్ళాక వెనక నుంచి వినిపించింది.

"చావింటి మర్యాదల పేజీ మీద నువ్వన్నది తప్పేరా. ఎల్లుండి పొద్దున బల్ల దగ్గర చెబుతా."

"తప్పా? ఎలా తప్పవుతుందిరా? అసలు..." సాదోక్ గిర్రున తిరిగాడు. పిన్హాస్ కనుబొమ్మలెత్తి చూస్తున్నాడు.

"సరే," అన్నాడు సాదోక్. "ముందు నువ్వు చెప్పు. ఎల్లుండే."